ధనుంజయ విన్న పుస్తకాలు

మా వీధి చివరి ఇంటి అమ్మాయికి ఈ మధ్యే టీచరు ఉద్యోగం వచ్చింది. చేరేముందు నన్ను చూడటానికి వచ్చింది. తరగతి గదిలో చిన్న గ్రంథాలయం పెట్టాలని శిక్షణలో చెప్పారట. మీరు అప్పట్లోనే పెట్టారని విన్నాను, ఎలా పెట్టారో చెప్పండి అంది. రిటైరయ్యాక టెక్కలిలో నేనుంటున్న ఈ ఇంటికి మనుషులు రావడమే తక్కువ. అందుకని ఆమెను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాను. పుస్తకాలు పిల్లల చెయ్యి అందే ఎత్తులో పెట్టు, అట్టలు కనబడేలా పెట్టు, తాళం మాత్రం వెయ్యకు అన్నాను. అవి ఎవరైనా చెప్పే మాటలే. ఆమె వెళ్ళిపోయాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించి ఇది రాస్తున్నాను.

తాళం వేసిన బీరువా

తొంభైల చివర్లో నన్ను పలాసకు తూర్పున, సముద్రానికి ఇవతలున్న ఉద్దానం ప్రాంతంలోని ఒక ఊరి బడికి వేశారు. ఊరి పేరు రాయను. ఏడో తరగతి దాకా ఉన్న బడి అది. చుట్టూ కొబ్బరితోటలు, జీడితోటలు, మధ్యలో ఇసుక దారులు. మిగతా టీచర్లు పొద్దున్న పలాస నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం అదే బస్సులో వెళ్ళిపోయేవారు. నేను పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక టెక్కలి ఇంట్లో అన్నయ్య కుటుంబం ఉండేది. పలాసలో నాకంటూ ఎవరూ లేరు. అందుకని ఆ ఊళ్ళోనే ఒక రైతు ఇంటి పక్కగది అద్దెకు తీసుకున్నాను.

సాయంత్రం బస్సు వెళ్ళిపోయాక ఊళ్ళో ఉద్యోగస్తురాలిని నేనొక్కదాన్నే. ఊరివాళ్ళు మంచివాళ్ళు. పనసకాయ కోస్తే ఒక ముక్క నాకు పంపేవారు. కానీ మాట ఎక్కడ మొదలైనా రెండు ప్రశ్నల దగ్గరికే వచ్చేది: జీతమెంత, పెళ్ళెందుకు చేసుకోలేదు. ఆ రెండూ అయిపోయాక వాళ్ళకూ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. గదిలోకి వచ్చి తలుపు చేరవేసుకుని పుస్తకం పట్టుకునేదాన్ని. చదవడం బాగానే ఉండేది. చదివాక పుస్తకం మూసిన క్షణం కష్టంగా ఉండేది. ఇదిగో ఇలా జరిగింది ఇందులో అని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు.

నేను తరగతిలో పుస్తకాలు పెట్టింది పిల్లల భాష బాగుపడాలని కాదు. ఆ తర్వాతి ఏళ్ళలో శిక్షణలకు వెళ్ళినప్పుడల్లా ఉద్దేశాలు రాయమనేవారు, నేనూ అందరిలాగే రాసేదాన్ని. అసలు ఉద్దేశం, నాతో మాట్లాడే మనుషుల్ని తయారుచేసుకోవడం. పిల్లలైతే పిల్లలే.

బడిలో పుస్తకాలు లేకపోలేదు. హెడ్మాస్టారి గదిలో ఇనప బీరువా నిండా ఉండేవి. కొన్ని కట్టలకు తాడు కూడా విప్పలేదు. అడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు:

"సుభద్రగారూ, ఒక్క పుస్తకం పోయినా రేపు జవాబు చెప్పాల్సింది నేను. రిటైరయ్యే ముందు అప్పగింతల్లో తేడా వస్తే పింఛను ఆపేస్తారు. వీళ్ళేమో పిల్లలు. సింపకుండా ఉంటారేటి?"

చిన్నప్పటి నుంచీ నేను చూసిన హెడ్మాస్టర్లలో ఎక్కువమంది ఈయనలాంటివాళ్ళే. చెడ్డవాళ్ళు కాదు. పోయిన వస్తువుకు జవాబు చెప్పించే కొలువులో, వాడని వస్తువుకు జవాబు అడిగేవాళ్ళుండరు. అందుకే మన బడుల్లో పుస్తకాలు కొత్తగానే ముసలివైపోతాయి. కొత్తగా చేరేవాళ్ళు హెడ్మాస్టరుతో ముందే పోట్లాటకు దిగవద్దు. ఆయన భయం ఎక్కడుందో చూడండి.

కొబ్బరితాడు మీద

బీరువా జోలికి పోకుండా నా ట్రంకుపెట్టెలో పుస్తకాలే తీశాను. పలాసలో పాత పుస్తకాల బండి దగ్గర మరికొన్ని కొన్నాను. అలమరా లేదు కాబట్టి తరగతిలో ఈ గోడ నుంచి ఆ గోడకు కొబ్బరితాడు కట్టించి, పుస్తకాలు మధ్యకు తెరిచి దానిమీద వేశాను. హెడ్మాస్టారు గుమ్మంలో నిలబడి చూసి, "బట్టలారేసినట్టుందండీ" అని వెళ్ళిపోయారు.

మొదట్లో పిల్లలు ఎగబడ్డారు. తర్వాత తగ్గారు. ఆ తర్వాత తాడు మీద పుస్తకాలు కదలడం మానేశాయి. కారణం తెలియక, బాగా చదివే ఒక కుర్రాణ్ణి పిలిచి అడిగాను. వాడు నేలచూపులు చూస్తూ అన్నాడు:

"పట్టుకెల్తే మీరు అడుగుతారు కదండీ."

"ఏం అడుగుతాను?"

"కదలో ఏటుంది, నీతేటి, ఈ మాటకి అర్తమేటి అనండి. పాటం అడుగుతారు, మళ్ళీ ఇదీ అడుగుతారు."

నేను మాట్లాడుతున్నాననుకున్నాను. వాళ్ళకది పరీక్షలా వినబడింది. ఆ రోజు నుంచి ఏ పుస్తకం గురించీ ఎవర్నీ ఏమీ అడగలేదు. మెల్లగా పుస్తకాలు మళ్ళీ కదిలాయి. పేజీలు పనసపాలకు అంటుకుపోయి వచ్చేవి. జీడిపిక్కలు ఏరిన వేళ్ళతో తిప్పినచోట నల్లటి మచ్చలు పడేవి. జీడి సొన మరక సబ్బుకు పోదు, కాగితం మీద అసలే పోదు. ఆ మచ్చలు చూస్తే ఏ పుస్తకం ఎక్కువ తిరిగిందో తెలిసిపోయేది. శుభ్రంగా ఉన్న పిల్లల గ్రంథాలయం ఎక్కడైనా కనిపిస్తే నాకు నమ్మకం కుదరదు. కొందరు పిల్లలు మాత్రం ఏం చేసినా చదవరు. వాళ్ళను వదిలెయ్యండి. చదవనివాళ్ళు కూడా మంచిగానే బతుకుతారు.

గ్రంథాలయమైతే నిలబడింది గానీ నా సంగతి మారలేదు. ఎలా ఉందని అడగకూడదని నేనే ఒట్టు పెట్టుకున్నాను. వాళ్ళంతట వాళ్ళు వచ్చి, "బాగుందండీ" అని పుస్తకం తాడు మీద పడేసి ఆటకు పరిగెత్తేవారు.

ఊర్మిళ ఇంటి అరుగు

ఏడో తరగతిలో ఊర్మిళ అనే అమ్మాయి ఉండేది. క్లాసులో నోరు విప్పేది కాదు. కానీ రోజూ సాయంత్రం ఒక పుస్తకం తీసుకెళ్ళి మర్నాడు తెచ్చేసేది. అదీ లావుపాటివి చూసి మరీ తీసేది. ఇంత తొందరగా ఎలా చదువుతోందా అని నాకు ఆశ్చర్యం. ఒకరోజు తనే దగ్గరికొచ్చింది.

"టీచరండీ, ఇందులో పడవోడేటయినాడండీ?"

అది ఒక రాజు కథ. శత్రువులు తరుముతుంటే రాజు ఏటి ఒడ్డుకు వస్తాడు. గాలివానలో ఒక పడవవాడు ఆయన్ను దాటిస్తాడు. అక్కణ్ణుంచి కథ రాజుతో వెళ్ళిపోతుంది.

"పడవవాడి గురించి మళ్ళీ రాయలేదమ్మా. ఎందుకు?"

"నాను కాదండీ, మా నాన్న అడగమన్నాడు."

అప్పుడు తెలిసింది. ఊర్మిళ తండ్రి ధనుంజయ కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. ఒక ఏడాదిగా చెట్టెక్కడం లేదు. మొహం ఉబ్బడం, కాళ్ళకు నీరు పట్టడం మొదలై, విశాఖ వెళ్ళి చూపించుకుంటే కిడ్నీలన్నారు. ఆ ఊళ్ళో ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. ప్రతి వీధిలోనూ అలాంటి మనిషి ఒకరు అరుగు మీద కూర్చుని ఉండేవారు. ఊర్మిళ తల్లి పారమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి పొద్దున్నే ఆటోలో వెళ్ళి చీకటి పడే వేళకు వచ్చేది. ఆమె వచ్చేదాకా కూతురు తండ్రికి చదివి వినిపించేది.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ధనుంజయ అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను.

"పడవోడి ఊసు రాయనేదంట కదండీ," అన్నాడు.

"రాయలేదండీ."

"రాయకపోతే ఎలగండీ? గాలివానన్నారు. రాజుగోరు ఒడ్డుకి సేరిపోనాడు. ఆడు ఆ వానలో తిరిగి ఎల్లాలి కదా. ఆడికీ ఇల్లుంతాది కదా."

గదికి వచ్చి ఆ పుస్తకం మళ్ళీ తెరిచాను. ఎన్నోసార్లు చదివిన కథ. పడవవాడి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అక్కణ్ణుంచి వారంలో కొన్ని సాయంత్రాలు ఆ అరుగు మీదే గడిచేవి. ఊర్మిళ చదివేది, మేమిద్దరం వినేవాళ్ళం. ధనుంజయకు గెలిచేవాళ్ళంటే పడేది కాదు. రాజు రాక్షసుణ్ణి చంపితే, "ఆడు సేసిన తప్పేటండీ? ఆడి కొండ మీద ఆడున్నాడు. ఈ రాజే కదా ఎల్లి కెలికినాడు" అనేవాడు. మంచుదేశంలో దారి తప్పిన పిల్లవాడి కథ చదివితే, ఆ పిల్లవాడి సంగతి వదిలేసి వాడి గొర్రెలకు మేత ఎవరు వేస్తున్నారని అడిగేవాడు. పుస్తకం రాసినాయన తరఫున నేను వాదించేదాన్ని. అతను ఒప్పుకునేవాడు కాదు. ఊర్మిళ వేలు పుస్తకంలో పెట్టి, మా వాదన అయ్యేదాకా ఓపిగ్గా ఆగేది. ఊళ్ళోకి వచ్చాక నేను మొదటిసారి గట్టిగా నవ్వింది ఆ అరుగు మీదే.

నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ ఒకరోజు మెల్లగా అంది: "టీచరమ్మా, ఆల ఇంటికి రోజూ ఎల్తన్నారంట. ఊరు అసలే మంచిది కాదు." నేను వెళ్ళడం మానలేదు. వీధిలో అందరికీ కనబడేలా అరుగు చివర కూర్చునేదాన్ని.

నా పుస్తకాలు అయిపోవచ్చాయి. హెడ్మాస్టారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పాను. జబ్బు మనిషి వింటున్నాడు, బీరువాలో పుస్తకాలు కావాలి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత సంచీ తీసుకుని లేచి, "బస్సుకి టైమయింది. తాళంచెవి బల్లమీద మర్చిపోయి వెళ్తున్నాననుకోండి" అన్నారు. ఆ తర్వాత ఆయన రోజూ మర్చిపోయేవారు. ఆయన కింద పనిచేసిన రోజులు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ మరుపే.

పారమ్మ అన్న మాట

ఒక సాయంత్రం ఆటో తొందరగా వచ్చింది. ఊర్మిళ మంచి పట్టులో చదువుతోంది. పారమ్మ నెత్తిమీద టిఫిను సంచీతో సందు తిరగడం చూసి ఊర్మిళ పుస్తకం మూసింది. ధనుంజయ దుప్పటి సర్దుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడూ అలాగే జరిగేది. ఆ రోజు పారమ్మ లోపలికి వెళ్ళకుండా మా ముందు ఆగింది.

"నానొచ్చీసరికి మీరు ముగ్గురూ ఊరుకుంతారు. ఏటి, నాకు సెవుల్నేవేటి?"

"అదేం కాదు పారమ్మా. పనిచేసి అలిసిపోయి వస్తావని..."

"అలిసిపోయినోళ్ళకి కద అక్కర్నేదేటండీ?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. ఆమె చేతులు చూశాను. సొన అంటకుండా బూడిద రాసుకున్నా, గోళ్ళ చుట్టూ చర్మం కాలి ఊడిపోయి ఉంది.

"కూకోయే. పిల్ల మొదట్నించి సదువుతాది," అన్నాడు ధనుంజయ.

"పొయ్యిలోకి సితుకులు నేవు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె వచ్చినా చదవడం ఆపేవాళ్ళం కాదు. కానీ ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. లోపల గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉండేది. ఆమె వింటోందో లేదో మాకు తెలిసేది కాదు.

జీడి పూత రాలిపోయే రోజుల్లో ధనుంజయ పోయాడు. విశాఖ తీసుకెళ్ళి, లాభం లేదంటే వెనక్కి తెచ్చారు. ఇంటికి వచ్చాక నేను చూసేసరికి మనిషి మాట్లాడే స్థితిలో లేడు. పదో రోజు అయ్యాక ఊర్మిళ తన దగ్గరున్న పుస్తకాలన్నీ తడిగుడ్డతో తుడిచి బడికి తెచ్చింది.

"ఇంక సదవనండి," అంది.

ఎందుకని అడగలేదు. జూన్‌లో తోటిపిల్లలు హైస్కూలుకు వెళితే ఆ పిల్ల తల్లితోపాటు పొద్దున్నే ఆటో ఎక్కింది. పారమ్మతో మాట్లాడదామని వెళితే, "ఒక్క కూలితో ఎలగెల్తాదండీ" అని ఊరుకుంది. ఆ తర్వాత ఆ వీధిలోంచి వెళ్ళడమే మానేశాను. బడికి తోటలోంచి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఖాళీ అరుగు చూడబుద్ధయ్యేది కాదు. తరగతిలో తాడు మీద పుస్తకాలు ఎప్పటిలా కదులుతూనే ఉన్నాయి. చూసేవాళ్ళకు అది బాగా నడుస్తున్న గ్రంథాలయం.

మళ్ళీ మొదటినుంచి

వానాకాలంలో ఒక సెలవు రోజు మధ్యాహ్నం పారమ్మ నా గదికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడపమీద కూర్చుంది. కాసేపు చీర అంచు మెలిపెట్టి, అడిగింది:

"మా పిల్ల ఆల నాన్నకి సదివిన కదలు మీ కాడున్నాయా అండీ?"

"ఉన్నాయి పారమ్మా."

"నాకు సదివి పెడతారేటి? పిల్లని అడిగితే ఏడుత్తాది. అడగడం మానీసినాను."

పడవవాడి కథ తీశాను. ఆమె మోకాళ్ళమీద గడ్డం ఆనించుకుని వింది. రాజు ఏరు దాటేశాక నేను తర్వాతి పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డంపెట్టింది.

"ఇక్కడ ఆయనేటన్నాడు?"

మొదట అర్థం కాలేదు. తర్వాత చెప్పాను. పడవవాడు ఆ వానలో ఇంటికి చేరాడా అని అడిగాడన్నాను. ఆమె వీధిలోకి చూసింది.

"ఎల్లుంతాడు," అంది. "ఆడి పెల్లాం సూత్తుంతాది కదా."

అలా ఆ వానాకాలమంతా, తర్వాత చలికాలం కొంతా, ఆదివారాలు ఆమె వచ్చేది. కథ ఆమెకు ముఖ్యం కాదు. మలుపు వచ్చినచోటల్లా నన్ను ఆపేది. ఇక్కడేటన్నాడు, నవ్వినాడా, ఊరుకున్నాడా. నాకు గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పేదాన్ని. గుర్తులేనిచోట లేదనే చెప్పేదాన్ని. కల్పించి చెప్పబుద్ధి కాలేదు. రాక్షసుణ్ణి వెనకేసుకొచ్చిన మాట చెబితే, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వింది. "నా కాడెప్పుడూ ఇలగ మాటాడనేదండీ," అంది. "ఒంట్లో ఎలగుంది, మందేసుకున్నావా, బియ్యం ఉన్నాయా. అంతే మా మాటలు."

ఒక ఆదివారం లేస్తూ, నన్నేమీ అడక్కుండానే చెప్పింది:

"ఆయన ఇన్నదంతా దాని నోటితోనే కదండీ. ఆ నోరు పిక్కల కాడ మూసుకుపోతంది. వొచ్చే ఏడు బడికంపీత్తాను."

అన్నట్టే పంపింది. ఊర్మిళ ఏడాది ఆలస్యంగా హైస్కూల్లో చేరి చదువుకుంది. ఇప్పుడు విశాఖలో నర్సు. ఎప్పుడైనా పలాస బస్టాండులో కనబడితే ఆగి పలకరిస్తుంది. కథల పుస్తకాలు చదువుతున్నావా అని నేను ఎప్పుడూ అడగలేదు.

కొత్త టీచర్లకు నేను చెప్పగలిగింది ఇంతే. బడిలో పెట్టిన పుస్తకం ఎవరి ఇంట్లోకి వెళ్తుందో, అక్కడ ఎవర్ని కలుపుతుందో, ఎవర్ని బయట నిలబెడుతుందో మనకు తెలియదు. ఏ రిజిస్టరులోనూ అది ఎక్కదు. వీలైనప్పుడు పుస్తకం వెనక మీరూ ఆ ఇంటిదాకా వెళ్ళి చూడండి.

ధనుంజయ విన్న పుస్తకాలు ఒక్కొక్కటిగా అయిపోయాయి. చివరిది ముగించిన ఆదివారం, పారమ్మ ఇంక రాదేమోనన్న దిగులుతో ఒక కొత్త పుస్తకం ముందే తెచ్చి పక్కన పెట్టుకున్నాను. పలాసలో చాలాసేపు వెతికి ఆమెకు నచ్చేలా చూసి తెచ్చింది. ఇది కూడా బాగుంటుంది, మొదలుపెడదామా అన్నాను.

"ఇది ఆయన ఇన్నాడేటండీ?"

"లేదు. కొత్తది."

పారమ్మ ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్టమీద బొమ్మ చూసి, జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టింది.

"ఆయన ఇననిది నాకెందుకండీ," అంది. "మీకు శానా సెమ పెట్టినాను."

గడపమీంచి లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది. ఇసుక దారిలో తోట మలుపు తిరిగేదాకా కనబడింది. తర్వాతి ఆదివారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఎండాకాలంలో నాకు బదిలీ అయింది.

ఆ కొత్త పుస్తకం ఆ రోజే, వెలుతురు ఉండగానే, గడప దగ్గర కూర్చుని పైకి చదివాను. అందులో సంతకు వెళ్ళే ఒక వర్తకుడు దారిలో ఒక ముసలమ్మ దగ్గర మంచినీళ్ళు తాగి ముందుకు సాగిపోతాడు. ధనుంజయ ఉంటే తప్పకుండా అడ్డం వచ్చి ఉండేవాడు. అక్కడ ఆగాను. కాసేపు చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. పేజీ తిప్పాను.